పోతు చెవి దగ్గర డెబ్బై అయిదు

హోమ్ థియేటర్ నేను కొన్నది సినిమాలు చూడడానికి. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. తర్వాత జరిగినదంతా చూసినవాళ్లు నేను దాన్ని దున్నపోతు కోసమే తెచ్చానని అనుకున్నారు. మా గల్లీలో ఇప్పటికీ కొందరు అలాగే అనుకుంటున్నారు, చెప్పినా నమ్మరు.

మాది పురానాపూల్ దగ్గర పాలమ్ముకునే ఇల్లు. ముందు రెండు గదులు, పక్కన వంటిల్లు, వెనక వాకిలి, దాని చివర రేకుల కొట్టం, అందులో బర్రెలు. పాల పని బాపు, అమ్మ చూసుకుంటారు. మా ఆవిడ పెళ్లయి వచ్చాక పాలు పితకడం నేర్చుకుంది. నేను ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో బిల్లింగ్ పని చేస్తాను. నేను దగ్గరికి పోతే బర్రెలే పక్కకు జరిగి దారి ఇస్తాయి. ఇంట్లో ఎవరికి నవ్వు కావాలన్నా ఈ సంగతి తీస్తారు.

సెట్టులో ముందు పెట్టే స్పీకర్లు మూడు, వెనక పెట్టేవి రెండు, మూలకు పెట్టే బరువైన బాస్ డబ్బా ఒకటి. వీటన్నింటినీ నడిపించే యాంప్లిఫయర్‌లో ఒక పరీక్ష ఉంటుంది. బటన్ నొక్కితే ఒక్కో స్పీకర్‌లోంచి వరసగా "ష్‌ష్" అని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఎన్ని డెసిబెల్స్ ఉందో ఫోన్‌లో మీటర్ యాప్ పెట్టుకుని చూడాలి. ఒకటి డెబ్బై రెండు చూపిస్తే దాన్ని పెంచాలి, ఇంకొకటి డెబ్బై తొమ్మిది చూపిస్తే తగ్గించాలి. అన్నీ డెబ్బై అయిదు దగ్గరికి రావాలి. అప్పుడు ఏ స్పీకరూ ఇంకోదాని మీద అరవకుండా అన్నీ కలిసి ఒక్క మాట మీద ఉంటాయి. ఇంతవరకు నాకు బాగానే అర్థమైంది.

చిక్కల్లా ఫోన్ ఎక్కడ పెట్టాలన్న దగ్గర వచ్చింది. వినేవాడు కూర్చునే చోట, అతని చెవి ఎత్తులో పెట్టాలట. మా ఇంట్లో వినేవాడు ఎక్కడ కూర్చుంటాడు? బాపు కిటికీ కింద మంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉంటాడు. అమ్మ గడప మీద కూర్చుని ఒక కన్ను టీవీ మీద, ఒక కన్ను కొట్టం మీద వేస్తుంది. మా ఆవిడ వంటింటి తలుపుకు ఆనుకుని నిలబడే సినిమా మొత్తం చూస్తుంది, కూర్చోమంటే "ఇప్పుడే పోవాలె" అంటుంది. నేను వీళ్లందరికీ మధ్యలో ఒక స్టూలు వేసి, దాని మీద ఫోన్ పెట్టి, అన్ని స్పీకర్లనూ డెబ్బై అయిదుకు తెచ్చాను. ఎవరూ కూర్చోని ఆ స్టూలు దగ్గర సౌండు మాత్రం అద్భుతంగా ఉండేది.

ఆ చప్పుడు ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి దూకుతుంటే బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏంది రా ఇది, గ్యాస్ లీకయినట్టు?"

"చెక్ జేస్తున్న బాపు. అన్ని డబ్బాలు సమానంగ మోగాలె."

ఆయన తల అటూ ఇటూ తిప్పుతూ కాసేపు విన్నాడు. తర్వాత అడిగాడు. "గీట్లకెల్లి డప్పులు గిట్ల కొట్టియ్యొచ్చా?"

"ఎందుకు కొట్టియ్యరాదు. ఫోన్ల రికార్డింగ్ ఉంటే చాలు."

"తక్కువ నుంచి షురూ జేసి జరజర పెంచొచ్చా?"

"ఒక్కొక్క పాయింటు పెంచొచ్చు."

ఆయన లేచి కొట్టంలోకి పోయాడు. ఆయన అక్కడ పోతు ముందు నిలబడి దాని నుదురు రుద్దుతున్నాడని కిటికీలోంచి కనిపించింది. నా సినిమాల పని అయిపోయిందని నాకు అప్పుడే తెలియాల్సింది.

సదర్ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. దీపావళి అయిన వెంటనే హైదరాబాదులో పాడి ఉన్న ఇళ్లవాళ్లు దున్నపోతులకు నూనె పట్టించి, కొమ్ములకు రంగులేసి, మెడలో దండలు, కాళ్లకు గజ్జెలు కట్టి తీన్‌మార్ డప్పుల మధ్య వీధుల్లో నడిపిస్తారు. పోతును పట్టుకుని నడిచేవాడికి ఆ రోజు పెళ్లికొడుకు మర్యాద దొరుకుతుంది. మా ఇంటి నుంచి తాత నడిపించాడు, తాత తర్వాత బాపు. పోయినేడాది సదర్‌లో మా పోతు కాళ్ల దగ్గర పటాకుల లడీ పేలింది. పోతు బెదిరి బాపును గల్లీ మలుపు దాకా ఈడ్చుకుపోయింది. ఆయన లేచి చొక్కా దులుపుకుని, జారిపడ్డానని అందరికీ చెప్పాడు, ఇంటికొచ్చి మాకూ అదే చెప్పాడు. ఆ పోతును నెల తిరగకముందే అమ్మేశాడు. ఎందుకని మేమెవరమూ అడగలేదు, మా ఇంట్లో బాపును అలాంటివి అడగరు.

ఈ ఏడు కొట్టంలో ఉన్నది మా దగ్గరే పుట్టి పెరిగిన పోతు. నల్లటి ఒళ్లు, మెలి తిరిగిన కొమ్ములు, చూస్తే యముడి వాహనం లాగే ఉంటుంది. గుణం మాత్రం పిల్లి. దున్నపోతు మీద వాన కురిసినట్టు అని సామెత చెప్పినవాడు మా పోతును చూసి ఉండడు. బాపు దాన్ని గల్లీలోకి తీసుకుపోయిన ప్రతిసారీ ఏదో ఒక చప్పుడుకు ఎగిరేది, ఆటో హారన్ మోగినా, షట్టర్ దించినా. కొట్టంలో కట్టేసి ఉన్నప్పుడు పక్కన ప్రెషర్ కుక్కర్ కూసినా చెవి కదిపేది కాదు. ఇదేం లెక్కో అర్థం కాలేదు. ఇంట్లో దానికి ధైర్యం, బయట భయం అని అమ్మ తేల్చింది, మేమూ సరే అనుకున్నాం.

బాపు మాత్రం ఖరాఖండిగా చెప్పాడు. "ఈపాలి డప్పులకు నిలవడకపోతే అమ్మేస్త. ఇగ మన ఇంటికెల్లి సదర్‌కు పోతు పోదు."

అంటే దీపావళి లోపల ఆ పోతుకు డప్పుల చప్పుడు అలవాటు కావాలి. లేకపోతే పోతూ పోతుంది, తాతనాటి నుంచి ఉన్న మర్యాదా పోతుంది. ఆ పని నా హోమ్ థియేటర్ మీద పడింది.

స్పీకర్లు వాకిట్లోకి రావాలంటే పొడుగు వైర్లు కావాలి. గుజరాతీ గల్లీలో ఒక దుకాణానికి పోయి ఎంత పొడుగో చెప్పాను.

"ఇత్తా లంబా కాయ్‌కు భాయ్? ఫంక్షన్ హాల్ హై క్యా?" అన్నాడు దుకాణదారు, ఇంత పొడుగెందుకని.

"నహీ భాయ్, భైంసాంకే వాస్తే," అన్నాను.

ఆయన వైరు కొలవడం ఆపి నా మొహం చూశాడు. "భైంసాంకు పిక్చర్ దిఖారే?" అని అడిగాడు. బర్రెలకు సినిమా చూపిస్తున్నావా అని. కాదని వివరించబోయి, అది ఇంకా పిచ్చిగా వినిపిస్తుందని అర్థమై, అవునన్నాను. ఆయన జాలిపడి ఒక మూర వైరు ఎక్కువ ఇచ్చాడు.

ముందు స్పీకర్లలో రెండింటిని గోడ మీద, మధ్యదాన్ని నీళ్ల డ్రమ్ము మీద పెట్టాను. వెనకవి రెండూ కొట్టం గుంజలకు కట్టాను. బాస్ డబ్బాను తవుడు బస్తా మీద కూర్చోబెట్టి, పేడ చింది పడకుండా ప్లాస్టిక్ కవరు కప్పాను. మధ్యలో బాపు పోతును పట్టుకుని నిలబడ్డాడు. ఇక ఈసారి ఎవరు వినాలన్న దాంట్లో అనుమానం లేదు, వినేది పోతు, కాబట్టి ఫోన్ దాని చెవి దగ్గర పెట్టాలి. కానీ మనిషి చెవులు పెట్టిన చోట ఉంటాయి. పోతు చెవులు చీపురు కట్టల్లా అటొకటి ఇటొకటి ఊగుతుంటాయి. కుడి చెవి దగ్గర కొలిచేసరికి అది ఎడమ చెవిని ఆ స్పీకర్ వైపు తిప్పేది. చివరికి ఫోన్‌ను కర్రకు కట్టి దాని కొమ్ముల మధ్య పట్టుకున్నాను. కర్ర ఒకసారి మూతి మీదికి జారితే అది నాలుక చాపి ఫోన్‌ను నాకింది, మీటర్ తొంభై దాటి దిగింది.

బాస్ డబ్బా దగ్గర ఇంకా తికమక పడ్డాను. ఎంత పెంచినా ఫోన్‌లో నంబరు పెరగదు. అందుకని ఇంకా పెంచాను. కొట్టం రేకులు వణకడం మొదలుపెట్టాయి, పైనుంచి దుమ్ము రాలింది, పడుకున్న బర్రెలన్నీ లేచి నిలబడ్డాయి.

"అత్తమ్మా, బయటికి రాండ్రి, భూమి కదుల్తున్నది," అని మా ఆవిడ లోపలికి కేకేసింది. ఆమె నవ్వు ఆపుకుంటూ అంటోందని నాకు తెలుసు, అయినా కోపమొచ్చింది. ఫోన్ మైకులకు అంత లోతైన చప్పుడు సరిగా పట్టదని, అందుకే నంబరు తక్కువ చూపిస్తుందని తర్వాత ఎక్కడో చదివాను. అప్పుడు బాస్‌ను సగానికి దించాను.

వినాయకుడి ఊరేగింపప్పుడు ధూల్‌పేట్‌లో నేను ఫోన్‌లో పట్టుకున్న తీన్‌మార్ రికార్డింగ్ ఉంది. రోజూ సాయంత్రం పాలు పితకడం అయ్యాక అదే పెట్టేవాణ్ని. బాపు పగ్గం పట్టుకుంటాడు, నేను రిమోటు పట్టుకుంటాను. "పెడ్తున్న బాపు" అంటాను, ఆయన "ఊ" అంటాడు, డప్పులు మొదలవుతాయి. తక్కువ నుంచి మెల్లగా పెంచుకుంటూ పోవాలని లెక్క. ఆ లెక్క ఒక్కరోజు కూడా కుదరలేదు. ఒక రోజు అరవైకే పోతు ఎగిరింది. మరుసటి రోజు డెబ్బై దాకా నిలబడింది, సరే అనుకుని మళ్లీ మొదటి నుంచి పెడితే యాభై అయిదుకు ఎగిరింది. తక్కువ చప్పుడుకు బెదిరి ఎక్కువ చప్పుడుకు ఊరుకోవడం ఏమిటి? భయానికైనా ఒక వరస ఉండాలి కదా.

ఎడమ వెనక స్పీకర్ మీద నాకు అనుమానం వచ్చింది, దాన్ని రెండు పాయింట్లు తగ్గించాను. పోతు కుడివైపు ఎగిరింది. కుడిది తగ్గించాను. వెనక్కి ఎగిరింది. రేకులకు తగిలి చప్పుడు తిరిగొస్తోందేమోనని గోనె సంచులు వేలాడదీశాను. మా ఆవిడ ఫోన్‌లో అదే యాప్ పెట్టి చూస్తే నా ఫోన్ కంటే నాలుగు ఎక్కువ చూపించింది. "నాదే కరెక్టు, నాది కొత్త ఫోన్," అంది ఆమె. ఏది కరెక్టో తేల్చుకోవడానికి మూడో ఫోన్ అడిగి తెచ్చాను, అది ఇంకో నంబరు చెప్పింది. అమ్మ ఇదంతా కాదని, నజర్ తగిలిందని, ఎండు మిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు దగ్గినవాణ్ని నేను ఒక్కణ్నే, పోతు తుమ్మనైనా లేదు. ఆఫీసులో బిల్లులు కొడుతూ కూడా నాకు ఆ పోతు చెవులే కళ్ల ముందు ఊగేవి.

ఇంతలో షాద్‌నగర్‌లో బంధువుల ఇంట్లో దినాలుంటే బాపు పోయాడు. సాయంత్రం పని ఆపొద్దని చెప్పి మరీ పోయాడు. పగ్గం అమ్మ పట్టుకుంది. పట్టుకుంది అనడం కూడా ఎక్కువే, పగ్గం కొస మణికట్టు మీద వేసుకుని, మా ఆవిడతో గడ్డి ధర గురించి మాట్లాడుతూ నిలబడింది. అంతకు ముందు రోజు నేను మధ్య స్పీకర్‌ను ఒక పాయింటున్నర తగ్గించి ఉన్నాను. డప్పులు పెట్టాను. అరవై, డెబ్బై, డెబ్బై అయిదు, ఎనభై. పోతు నెమరేస్తోంది. ఇంకా పెంచాను. పక్కింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నవాళ్లు చెవులు మూసుకున్నారు. పోతు తోకతో ఈగల్ని తోలుకుంది.

"ఇగ బంద్ జెయ్ రా, చెవులు పోతున్నయ్," అని అమ్మ అరిచింది.

నాకు కలిగిన సంతోషం చెప్పలేను. రహస్యమంతా మధ్య స్పీకర్‌లో ఉందన్నమాట. ఆ ఒకటిన్నర పాయింటు కనిపెట్టడానికి నేనెంత బుర్ర పెట్టానో మా ఆవిడకు అన్నం తినేంతసేపూ వివరించాను. బాపుకు ఫోన్ చేసి పోతు నిలబడిందని చెప్పాను. ఆయన నమ్మనట్టుగా, "ఎంత సౌండుకు?" అని అడిగాడు. "ఫుల్లు," అన్నాను. "మంచిగైంది బిడ్డా," అన్నాడు. ఆ గొంతులో సంతోషం కంటే ఇంకేదో ఉంది కానీ, అదేంటో నాకు తెలియలేదు.

మర్నాడు బాపు వచ్చాడు. ఒక్క స్పీకరూ కదపలేదు, ఒక్క నంబరూ మార్చలేదు. డప్పుల మొదటి దెబ్బ పడిందో లేదో పోతు గాల్లోకి లేచింది. నీళ్ల డ్రమ్ము మీది స్పీకర్ కింద పడింది.

"ఫోన్ల ఏం జెప్పినవ్ నువ్వు?" అన్నాడు బాపు, ఆయాసపడుతూ.

"నిన్న నిలవడ్డది బాపు. ఒట్టు. అమ్మనడుగు."

"నిలవడ్డది," అంది అమ్మ. "నా ముంగటే."

"మరి ఇయ్యాల ఏమైంది?"

"నాకేం దెలుసు? నంబర్లన్నీ గవ్వే ఉన్నయ్. దానికే అక్కల్ లేదు."

"దానికి అక్కల్ లేదా, నీ డబ్బాలకు లేదా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నోటికొచ్చింది అన్నాను. ఈ కొట్టంలో సైన్సు పనిచేయదన్నాను, మీకందరికీ మిరపకాయలే కరెక్టన్నాను, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి పోతుకు పాటలు పెట్టే ఖర్మ ఎవరికీ వద్దన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఆ ఒకటిన్నర పాయింటునే పట్టుకుని వేలాడాను. బాపు బేగంబజార్ వైపు నుంచి ఒక బేరగాణ్ని శుక్రవారం రమ్మన్నానని, పోతును చూపిస్తానని మాత్రం చెప్పి లోపలికి పోయాడు. అమ్మ పోతు మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు అక్కడే ఉంది. ఆ రోజు నేను అన్నం తినలేదు. పోతు పోతుందని కాదు, ఎందుకు పోతోందో నాకు తెలియకుండానే పోతుందని.

శుక్రవారానికి ముందు రోజు సాయంత్రం బాపే పిలిచాడు. "ఒక్కసారి జూద్దాం పా," అన్నాడు.

అంతకు ముందే కుడి వెనక స్పీకర్ వైరు ఒకటి ఊడి ఉంటే నేను సరిచేశాను. వైరు ముట్టుకునేటప్పుడు చప్పుడు రాకుండా యాంప్లిఫయర్ నోరు మూసి పెట్టాను, అంటే మ్యూట్ నొక్కాను. తర్వాత దాన్ని తీయడం మరిచిపోయాను. బాపు వాకిట్లో పోతును పట్టుకుని నిలబడ్డాడు. నేను రిమోటు ఎత్తి "పెడ్తున్న బాపు," అన్నాను. "ఊ," అన్నాడు. నొక్కాను.

ఏ చప్పుడూ రాలేదు. వాకిలంతా నిశ్శబ్దం. కుడితి తొట్టిలో ఈగలు ముసురుతున్న శబ్దం వినిపించేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పోతు తల పైకెత్తి, కళ్లు తెల్లగా చేసి, ముందుకాళ్లు లేపి ఎగిరింది. బాపు దానితో పాటు జారి, నిలదొక్కుకుని, బలంగా లాగి ఆపాడు.

"పాట రాలె గదరా," అంది గడప మీది నుంచి అమ్మ.

నేను యాంప్లిఫయర్ చూశాను. మ్యూట్ అన్న అక్షరాలు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. అప్పుడు కూడా నాకు బుర్ర వెలగలేదు. మనుషులకు వినిపించని కూత ఏదో స్పీకర్లలోంచి వస్తోందని, అది పోతుకు మాత్రమే తెలుస్తోందని అనుకున్నాను. పోయి డబ్బాకు చెవి ఆనించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది గానీ, నిజంగా రెండో డబ్బాకు కూడా ఆనించాను.

"ఊకో రా," అన్నాడు బాపు. "డబ్బాలది గాదు."

తిరిగి చూశాను. బాపు కళ్లు అప్పుడే తెరిచినట్టున్నాయి. ఆయన తన చేతిని చూసుకుంటున్నాడు. పగ్గం ఆ చేతికి మణికట్టు నుంచి పిడికిలి దాకా చుట్టలు చుట్టలుగా బిగిసి ఉంది. దాని అవతలి కొస పోతు ముక్కుతాడును పైకి లాగి పట్టి ఉంది. నేను రిమోటు ఎత్తగానే ఆయన పగ్గం చుట్టుకున్నాడు, డప్పులు వస్తాయని కళ్లు మూసుకుని లాగి పట్టాడు. పోతుకు అందింది ఆ లాగుడు ఒక్కటే. ఇన్నాళ్లూ నేను ఆయన చేతిని చూడనే లేదు, చెవులనే చూస్తున్నాను, నంబర్లనే చూస్తున్నాను.

బాపు ఒక్కో చుట్టూ విప్పి పగ్గం అమ్మకు ఇచ్చి, కుడితి తొట్టి అంచు మీద కూర్చున్నాడు.

"పోయినేడు కింద వడ్డ సంది గిట్లనే అయితున్నది," అన్నాడు. "పగ్గం పట్టంగనే చెయ్యి నా మాట ఇంటలేదు. నిద్రల గుడ ఈడ్చుకపోతది." నా వైపు తిరిగి అడిగాడు. "నేనెవ్వరికీ జెప్పలె. నీకు జెప్పలె, మీ అమ్మకు జెప్పలె. దీనికెట్ల తెల్సింది రా?"

బాపు నోటి నుంచి భయం అనదగిన మాట నేను అంతకు ముందు వినలేదు. ఏడుపొచ్చింది. అది కనబడకుండా వైర్లు విప్పి చుట్టడం మొదలుపెట్టాను. తప్పుగా చుడుతున్నానని తెలుస్తూనే ఉంది, అయినా చుట్టాను. అమ్మ మాత్రం పోతును గుంజకు కట్టి వచ్చి, "ఆ బేరగానికి రావద్దని చెప్పు," అంది బాపుతో. ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

మరుసటి సాయంత్రం ఆయన మళ్లీ పిలిచాడు. "పెట్టు రా నీ డబ్బాలు."

"మల్ల పోతుకా?"

"దానికేం బీమారి లేదు. నాకు వెట్టు. కిందికెల్లి షురూ జెయ్."

ఆయన పోతు పక్కన నిలబడి పగ్గం చేతిలో వేలాడేలా పట్టుకున్నాడు. నేను ఫోన్ తీసుకుపోయి బాపు చెవి దగ్గర పట్టుకున్నాను. అంత దగ్గరగా ఆయన పక్కన నిలబడి ఎన్నేళ్లయిందో. ఆయన చెవి వెంట్రుకలు తెల్లబడ్డాయని అప్పుడే చూశాను. స్పీకర్లను మళ్లీ ఒక్కొక్కటిగా సరిచేశాను, ఈసారి చెవి కదలలేదు కాబట్టి పని తొందరగా అయింది. తర్వాత డప్పులు వినీ వినిపించనంత తక్కువగా పెట్టాను.

"పెంచాల్నా?"

"పెంచు."

కళ్లు నా రిమోటు మీద కాకుండా ఆయన పిడికిలి మీద పెట్టుకుని పెంచాను. వేళ్లు వదులుగానే ఉన్నాయి.

"పెంచాల్నా బాపు?"

"ఊ."

పిడికిలి ముడుచుకోబోయి, ఆగి, మళ్లీ విచ్చుకుంది. నుదుటి మీద చెమట పట్టింది. పోతు ఆయన మోచెయ్యి నాకుతోంది.

"ఇంకొంచెం?"

"ఆగు. గంతే. ఇంక వెంచితే మల్ల బిగుస్తది."

నేను ఆ నంబరు చూశాను, ఆయనకు చెప్పలేదు. నిజమైన సదర్‌లో డప్పులు దాని కంటే ఎంతో ఎక్కువ ఉంటాయి. దీపావళి దాకా రోజూ అలాగే నిలబడ్డాం. ఆయన "ఆగు" అన్న చోటు కొంచెం పైకి జరిగింది. కొంచెమే జరిగింది. సదర్‌కు పోతును ఎవరు నడిపిస్తారని గల్లీలో ఎవరైనా అడిగితే బాపు "మేమే" అనేవాడు. ఆ మేము అంటే ఎవరో నాకు అర్థం కాలేదు, అడగలేకపోయాను.

సదర్ రోజు పోతు నిగనిగలాడింది. కొమ్ములకు రంగులు, మెడలో బంతిపూల దండ, కాళ్లకు గజ్జెలు. బాపు కొత్త తెల్ల బట్టలు వేసుకుని, తలకు పాగా చుట్టి, గేటు దగ్గర పగ్గం అందుకున్నాడు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. డప్పులు పెద్ద వీధిలో ఉన్నాయి, మా గల్లీలోకి వాటి చప్పుడు దూరంగా వస్తోంది. నేను ఆయన పక్కనే నడిచాను, జనాన్ని చూడలేదు, చేతిని చూస్తూ నడిచాను. వదులుగానే ఉంది. నడుస్తున్నకొద్దీ చప్పుడు పెరుగుతోంది. నాలుగిళ్లు దాటాం, కిరాణా దుకాణం దాటాం. గల్లీ మలుపు ఇంకా కొంచెం దూరం ఉందనగా బాపు ఆగిపోయాడు.

ఎందుకు ఆగాడో నాకు మీటర్ అక్కర్లేకుండానే తెలిసింది. వాకిట్లో రోజూ ఆయన "ఆగు" అన్నది సరిగ్గా ఇంత చప్పుడుకే.

"నడువన్నా, నడువు," అని వెనక నుంచి కేకలు వేస్తున్నారు. మేడల మీద నుంచి పూలు పడుతున్నాయి. తాతను చూసినవాళ్లు, పోయినేడాది బాపు పడడం చూసినవాళ్లు, అందరూ అక్కడే ఉన్నారు. వాళ్లందరి ముందు బాపు పగ్గం నా వైపు చాపాడు.

"నాకు రాదు బాపు," అన్నాను.

"నాకు గుడ రాకుంట వోయింది. పట్టు."

పట్టుకున్నాను. వేళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. పోతు తల తిప్పి నన్ను చూసింది. బాపు నా వేళ్లను ఒక్కొక్కటిగా సడలించి, "వదులుగ పట్టుకోవాలె రా," అని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎంత వదులుగా అని అడిగాను. అప్పటికే మలుపు తిరిగి డప్పులు మా మీదికి వచ్చేశాయి. బాపు పెదవులు కదిలాయి, ఏం చెప్పాడో నాకు వినబడలేదు.